మార్కస్‌ని పక్కన పెట్టకండి: ఫైర్ ఎంబ్లెంలో టీమ్‌ని ఎలా పెంచాలి?

సాలూరు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మా ఊర్లో అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కు.

ఈరోజు ఒక్క ప్రశ్నే మాట్లాడుకుందాం. టాక్టికల్ ఆర్‌పీజీలో మీ దగ్గర చాలామంది క్యారెక్టర్లు ఉంటారు. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని పెంచాలి? దీనికి నేను తీసుకున్న గేమ్ ఫైర్ ఎంబ్లెం. ఈ సిరీస్ 1990లో జపాన్‌లో ఫ్యామికామ్ మీద మొదలైంది. తయారు చేసింది ఇంటెలిజెంట్ సిస్టమ్స్, పబ్లిష్ చేసింది నింటెండో. జపాన్ బయటికి మొదటిసారి వచ్చింది 2003లో, గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద. ఎలివుడ్, హెక్టర్, లిన్ ఉన్న గేమ్ అది. మన మాటలు ఎక్కువగా దాని మీదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చదరంగంలాగా గళ్లుంటాయి. ఒకసారి మనవాళ్లు కదులుతారు, ఒకసారి శత్రువులు. తేడా ఏంటంటే, ఇక్కడ ప్రతి పావుకీ పేరుంది, కథుంది, లెవల్ ఉంది. 100 ఎక్స్‌పీ వస్తే ఒక లెవల్. ఇంకో సంగతి, యుద్ధంలో పడిపోయినవాడు ఇక తిరిగి రాడు. ఆ ఆట అయిపోయేదాకా వాడు లేనట్టే.

నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఇది మొదటిసారి ఆడాను. ఎలివుడ్ కథ మొదట్లోనే మార్కస్ అనే పెద్దాయన వస్తాడు. పాలడిన్. గుర్రం, సిల్వర్ లాన్స్, అప్పటికే ప్రమోట్ అయిపోయిన క్లాస్. మిగతావాళ్లు రెండు దెబ్బలేస్తే గానీ చావని శత్రువుని ఈయన ఒక్క పోటుతో పడేస్తాడు. అప్పుడు తెలిసినవాళ్లందరూ నాకు చెప్పింది ఒకటే: "మార్కస్‌ని వాడకు, ఎక్స్‌పీ తినేస్తాడు, ముసలాయన పెరగడు." ఈ సిరీస్ మొదటి గేమ్‌లో జేగన్ అని ఇలాంటి పెద్దాయనే ఉంటాడు. అందుకే ఈ రకం క్యారెక్టర్‌ని ఫ్యాన్స్ జేగన్ అనే పిలుస్తారు.

నేను విన్నాను. మార్కస్ చేతిలో ఆయుధాలన్నీ తీసేసి వెనక నిలబెట్టాను. ముందు లోవెన్‌ని పెట్టాను. లోవెన్ ఎవరంటే, మార్కస్ దగ్గరే పని నేర్చుకుంటున్న కుర్ర రౌతు. మూడు చాప్టర్లు బాగానే నడిచింది. నాలుగో చాప్టర్లో ఒకే టర్న్‌లో నలుగురు మీద పడ్డారు, లోవెన్ పోయాడు. మార్కస్ రెండు గళ్ల వెనక, చేతిలో ఏమీ లేకుండా నిలబడి ఉన్నాడు. ఆ స్క్రీన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. కుర్రాడిని పెంచాలనుకున్నాను, కానీ పెంచేవాడినే ఖాళీ చేతులతో కూర్చోబెట్టాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. బీటెక్ చదివినందుకు ఇదొక్కటైనా ఉపయోగపడనివ్వండి.

ప్రతి క్యారెక్టర్‌కీ గ్రోత్ రేట్లు ఉంటాయి. స్పీడ్ గ్రోత్ 60 అంటే, లెవల్ పెరిగిన ప్రతిసారీ స్పీడ్ ఒక పాయింట్ పెరగడానికి 60 శాతం ఛాన్స్. పది లెవల్స్‌కి సగటున ఆరు పాయింట్లు వస్తాయి. అది సగటు మాత్రమే. నాలుగో, అంతకంటే తక్కువో వచ్చే ఛాన్స్ దాదాపు 17 శాతం. అంటే ఆరుసార్లు ఆడితే ఒకసారి మీ "భవిష్యత్ హీరో" మామూలోడిగానే మిగిలిపోతాడు. అందుకే ఒక్కడి మీదే అంతా పెట్టకండి. నలుగురైదుగురిని కలిపి పెంచండి.

రెండోది, ఎక్స్‌పీ ఎవరికి వెళ్తుంది? శత్రువుని కొడితే కొంచెం, చంపితే చాలా ఎక్కువ. పైగా ప్రమోట్ అయినవాడు చిన్న శత్రువుని చంపితే వచ్చేది చాలా తక్కువ. అంటే మార్కస్ చంపితే ఆ ఎక్స్‌పీ దాదాపు వృథా. మరి మార్కస్‌తో ఏం చేయాలి? సిల్వర్ లాన్స్ పక్కన పెట్టి ఐరన్ సోర్డ్ ఇవ్వండి. ముందు ఆయన వెళ్లి దెబ్బ తీసుకుంటాడు, తిరిగి కొడతాడు, శత్రువు సగం ప్రాణంతో మిగులుతాడు. ఆ చివరి దెబ్బ లోవెన్‌తోనో, విలుకాడు రెబెక్కాతోనో వేయించండి. ఎక్స్‌పీ కుర్రాళ్లకి, రిస్క్ పెద్దాయనకి.

ఇంకోటి, రెస్క్యూ కమాండ్. దెబ్బతిన్నవాడిని మార్కస్ గుర్రమెక్కించుకుని పక్కకి తీసుకుపోగలడు. మోస్తున్నంతసేపూ ఆయన స్కిల్, స్పీడ్ సగమైపోతాయి. అయినా ఒక మనిషి బతుకుతాడు. ఇదంతా చేసేవాడిని నేను ఖాళీగా కూర్చోబెట్టానన్నమాట.

హిట్ శాతం గురించి కూడా ఒక మాట. ఈ గేమ్‌లో స్క్రీన్ మీద 90 కనిపిస్తే అసలు ఛాన్స్ 98 దగ్గర ఉంటుంది. 30 కనిపిస్తే అసలుది 18 దగ్గర. ఎందుకంటే లోపల రెండు రాండమ్ నంబర్లు తీసి వాటి సగటు చూస్తుంది. అందుకని కుర్రాడికి చివరి దెబ్బ ఇచ్చేటప్పుడు 80, 90 ఉన్నచోట ఇవ్వండి, ధైర్యంగా ఇవ్వొచ్చు. 50 దగ్గర ఉన్నప్పుడు మాత్రం, తప్పితే ఏంటి పరిస్థితి అని ముందే చూసుకోండి.

మరి రెండో వైపు సంగతి. కథ చివరి భాగంలో నీనో అనే చిన్నపిల్ల వస్తుంది. లెవల్ 5 మేజ్. గ్రోత్ రేట్లు చాలా బాగుంటాయి. పెంచితే అదిరిపోతుంది, నిజమే. కానీ అప్పటికి శత్రువులు ఎక్కడున్నారు, ఆమె ఎక్కడుంది? ఒక్క దెబ్బకి పోతుంది. ఆమెని కాపాడటానికి టీమ్ మొత్తం నెమ్మదించాలి. ఇష్టమైతే పెంచండి, నేనూ పెంచాను. కానీ అది సరదా కోసం అని ఒప్పుకుని పెంచండి. గెలవడానికి అవసరం మాత్రం కాదు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. మా ఊరి సంగతి మీకు తెలుసు కదా, లారీల ఊరు. నాన్న చాలా ఏళ్లు లారీ నడిపాడు. సాలూరు దాటితే సుంకి ఘాట్, అక్కణ్ణుంచి కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్, రాయపూర్. ప్రతి బండిలో డ్రైవర్ పక్కన ఒక క్లీనర్ ఉంటాడు. ఆ క్లీనరే రేపటి డ్రైవర్.

నేను ఈ గేమ్ గొడవంతా ఒకరోజు అన్నం తింటూ నాన్నకి చెప్పాను. ఆయన నవ్వి, "ఏట్రా, కుర్రోడికి స్టీరింగు ఎక్కడిస్తావు? లోడుతోటి ఘాట్ మీద ఇస్తావేటి? ముందు ఖాళీ బండి, పగటి పూట, తిన్నని రోడ్డు. తర్వాత ఖాళీ బండి, ఘాటు. ఆ తర్వాతే లోడు. నువ్వు పక్కనే కూకోవాల. నిద్రోకూడదు" అన్నాడు.

నేను ఇన్ని వీడియోల్లో చెప్పలేనిది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు.

నాకు అది ఎందుకు తగిలిందంటే, నా ఉద్యోగం వల్ల. నేను పనిచేసిన చోట రెండేళ్లు నాకు చిన్న చిన్న టికెట్లే ఇచ్చారు. ప్రొడక్షన్ రిలీజ్ అంటే ఎప్పుడూ సీనియరే. ఆయన మంచివాడు, స్పీడుగా చేసేవాడు, అందుకే అన్నీ ఆయనే చేసేవాడు. ఒకరోజు ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆ వారమే రిలీజ్ రాత్రి నా ఒక్కడి చేతిలో పెట్టారు. ఏం జరిగిందో ఊహించండి. తెల్లారే వరకు సర్వర్ లేవలేదు. నింద నాది. నేను చెడ్డ ఇంజినీర్‌నా? అప్పుడు అలాగే అనుకున్నాను, నెలల తరబడి. కానీ నాకు ఎవరూ ఖాళీ బండి ఇవ్వలేదు. నేరుగా లోడుతో ఘాటెక్కించారు, పక్కసీటు ఖాళీ. నేను లోవెన్‌కి చేసింది కూడా సరిగ్గా అదే.

2019లో స్విచ్ మీద వచ్చిన ఫైర్ ఎంబ్లెం: త్రీ హౌసెస్ నాకు నచ్చేది ఇందుకే. అందులో మీరు టీచర్. మూడు హౌస్‌లలో ఒకటి ఎంచుకుంటారు, ఆ పిల్లలకి కత్తో, విల్లో, మ్యాజిక్కో ఏది నేర్పాలో మీరే చూసుకుంటారు. లెవల్ 5, 10, 20, 30 దగ్గర క్లాస్ పరీక్షలుంటాయి. స్కిల్ సరిపోకపోతే ఫెయిలవుతారు. కొందరిలో దాగి ఉన్న టాలెంట్ ఉంటుంది. కొన్నిసార్లు మొదట బలహీనతలాగే కనిపిస్తుంది, ఓపిగ్గా నేర్పితే బయటపడుతుంది. మొదటి రోజు చూసి "వీడు పనికిరాడు" అంటే అది మీకు ఎప్పటికీ కనపడదు.

సో, మీ తర్వాతి ఆటకి నా సలహా ఇది. పెద్దాయన్ని ముందు పెట్టండి, కానీ చివరి దెబ్బ ఆయనకి ఇవ్వకండి. నలుగురైదుగురు కుర్రాళ్లని ఒకేసారి పెంచండి. ఈరోజు మ్యాప్ గెలవడానికి ఎవరు కావాలి, పది మ్యాపుల తర్వాత ఎవరు కావాలి, ఈ రెండు ప్రశ్నలూ ప్రతి టర్న్‌లో వేసుకోండి. ఒక్కదానికే జవాబు చెప్తూ పోతే రెండోది మిమ్మల్ని ఏదో ఒక చాప్టర్లో పట్టుకుంటుంది.

నాన్న ఇప్పుడు బండి ఎక్కట్లేదు, కళ్లు సరిగ్గా కనపడట్లేదు. ఆయన దగ్గర క్లీనర్‌గా చేరిన అన్నే ఇప్పుడు ఆ బండి నడుపుతున్నాడు. లోడుతో ఘాటెక్కే ముందు ఇప్పటికీ నాన్నకి ఒక ఫోన్ కొడతాడు. మాట్లాడేది ఏమీ ఉండదు. "గురువుగారూ, ఎక్కుతన్నాను" అంటాడు. నాన్న "ఊఁ" అంటాడు, అంతే.

నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి లోవెన్ ముందున్నాడు, మార్కస్ పక్క గడిలోనే ఉన్నాడు. ఏడో చాప్టర్ దాకా అందరూ బతికే ఉన్నారు. తర్వాత ఏమైందో వచ్చే వీడియోలో చెప్తాను. అంతవరకు సెలవు, ఉంటాను.