తెల్లని ద్రాక్షాసవము: రుచి, తీర్పు

పులుసు మరుగుచుండగా ఒక చుక్కను అరచేత వేసికొని, నాలుకకు తాకించి, “ఉప్పు సరిపోయినది, పులుపు చాలలేదు” అని చెప్పు గృహిణి చేయునది పరీక్షయే కాని భోజనము కాదు. ఫ్రాన్సు దేశమున ద్రాక్షాసవమును, అనగా వైనును, పరీక్షించువారు చేయునదియు ఇట్టిదే. వారు వైనును పుక్కిట బట్టి, రుచిని గ్రహించి, ప్రక్కనున్న పాత్రలో ఉమిసివేయుదురు. ఒకే పూట అనేక రకములను చూడవలసినవారు మ్రింగుచు పోయినచో వారి తీర్పు నిలువదు. కావున ఈ ప్రసంగము పానమును గూర్చినది కాదు. ఆ తీర్పును గూర్చినది.

పారిస్ నగరమునకు ఆగ్నేయముగా, బర్గండీ సీమకు ఉత్తరపు కొసను షాబ్లీ అను చిన్న పట్టణము కలదు. షాబ్లీ వైనును షార్డొనే అను ఒకే జాతి తెల్లద్రాక్షతో చేయుదురు. ఆ తోటల సున్నపు నేలలో సుమారు 15 కోట్ల సంవత్సరముల నాటి చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజములు కానవచ్చును. ఈ వైనును ‘డ్రై’ వైను అందురు. డ్రై అనగా ఇచ్చట తీపి లేనిదని అర్థము. ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతయు పులియుటలో మద్యసారముగా మారిపోవును. ఐరోపా నిబంధనల ప్రకారము డ్రై వైనులో సాధారణముగా లీటరునకు 4 గ్రాములకు మించి చక్కెర మిగులరాదు. పులుపు తగినంత అధికముగా నున్నచో 9 గ్రాముల వరకు ఒప్పుకొందురు.

తీపి తొలగిన పిదప తెల్లని వైనును నిలబెట్టునది పులుపే. పులుపు అను మాట ఒక్కటే యైనను, పులుపు ఒక్కటి కాదని మన నాలుకకు చక్కగా తెలియును. చింతపండు పులుపు వేరు, పెరుగు పులుపు వేరు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోను ముఖ్యమైనది. దానికి తోడు పచ్చి ఆపిలులో నుండు కరకైన మాలిక్ ఆమ్లమును ద్రాక్షలో కలదు. వైను పులిసిన తరువాత ఒక విధమగు సూక్ష్మజీవులు ఈ మాలిక్ ఆమ్లమును, పెరుగులోనుండు లాక్టిక్ ఆమ్లముగా మార్చును. అప్పుడు పులుపు మెత్తబడును. ఎండ తీవ్రముగా కాచిన యేట మాలిక్ ఆమ్లము పండులోనే చాలవరకు తరిగిపోవును. చల్లని యేట మిగిలియుండును. కావున పులుపును చదువనేర్చినవాడు ఆ యేటి ఋతువులను కొంతవరకు చదువగలడు.

2021 వ సంవత్సరమున మార్చి చివర వేడిమికి తీగలు ముందుగా చిగిర్చెను. ఏప్రిల్ మొదట గడ్డకట్టు చలి రాత్రులు వరుసగా వచ్చెను. రైతులు తోటలలో నిప్పులు వెలిగించిరి. కొందరు చిగురులపై నీరు చిమ్మించి, వానిచుట్టు మంచు కవచము కట్టించిరి. అయినను పంటలో పెద్ద భాగము నశించెను. మిగిలిన పండ్లతో చేసిన వైను సన్నగా, తీక్ష్ణముగా, నిమ్మను పచ్చి ఆపిలును తలపించుచుండును. 2022 వేడియు అనావృష్టియు గల యేడు; దాని వైను నిండుగా, పీచ్ పండు పరిమళముతో నుండును. 2023 లో పంట సమృద్ధిగా పండెను. 2024 లో మంచు, మే 1 వ తేదీ వడగండ్లు, ఎడతెగని తడి, తెగులు ఒకదాని వెంట నొకటి వచ్చి పంటను మిక్కిలి తగ్గించెను.

ఇక పరీక్షించు విధము. వైను 10 నుండి 12 డిగ్రీల చల్లదనమున నుండవలెను. అంతకన్న చల్లనైనచో వాసన అణగిపోవును. మూతి ఇరుకైన గాజుపాత్రలో మూడవవంతు మాత్రమే పోసి, తెల్లని గుడ్డ యెదుట రంగు చూతురు. లేత వయసు వైను గోధుమవన్నెకు తిరిగినచో గాలి సోకినదని శంకింతురు. పాత్రను కదల్పక ఒకసారి, త్రిప్పి మరియొకసారి వాసన చూతురు. తడిసిన అట్టముక్క వాసన వచ్చినచో దోషము సాధారణముగా బిరడాది. తరువాత కొంచెము పుక్కిట బట్టి, గాలి లోనికి పీల్చి, ఉమిసి, రుచి యెన్ని సెకనులు నిలుచునో లెక్కింతురు.

వీనియన్నిటికి ముందు చేయవలసినది సీసాపై చీటీని కప్పుట. 1976 మే 24 వ తేదీన పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్ల వర్తకుడు అట్టి పరీక్ష నొకదానిని ఏర్పరచెను. తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణులు చీటీలు కానక తీర్పు చెప్పగా, తెల్లని వైనులలో ప్రథమస్థానము బర్గండీకి గాక కాలిఫోర్నియాలోని షాటో మాంటెలెనా వారి 1973 షార్డొనేకు దక్కెను. 2001 లో ప్రకటింపబడిన బోర్డో పరిశోధన యొకటి మరింత హెచ్చరించుచున్నది. తెల్లని వైనులో వాసన లేని ఎర్రరంగు కలిపి యిచ్చినపుడు, 54 మంది విద్యార్థులు దానిని ఎర్రవైనునకు తగు మాటలతోనే వర్ణించిరి. కన్ను ముందుగా పలికినచో నాలుక దానికే వంతపాడును.

చీటీపైని సంవత్సరము కూడ ఇట్లే మోసగింపగలదు. ‘చెడ్డ యేడు’ అని పేరుపడినంతనే కొనువారు సీసాను తాకకయే తొలగుదురు. రాత్రులెల్ల నిప్పులు కాచి, మిగిలిన కొలది పండ్లను శ్రద్ధతో ఏరి చేసిన రైతునకు రెండవ నష్టము ఆ మాటవలన కలుగును. అందుచేత న్యాయముగా తీర్పు చెప్పదలచినవారు రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగుదురు. ఆ యేడు ఏమి యిచ్చినది? ఇచ్చినదానితో మనుష్యుడేమి చేసినాడు? 2021 వైనును 2022 వలె నిండుగా లేదని త్రోసివేయుట మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుట. దాని సన్నదనమునకు పులుపు తగియున్నదా, వాసన నిర్మలముగా నున్నదా, ఉమిసిన పిదప రుచి నిలిచినదా అని చూచుట రెండవ ప్రశ్న. ఎండలు కాచిన యేట మంచి వైను చేసినవారు పలువురు. మంచు కురిసిన యేట చేసినవారెవరో ఓపికతో రుచి చూచిననే తెలియును.