తోటవారి ముచ్చట్లు

(కోత పండుగ కూడికలో చేసిన ప్రసంగము)



కోత పండుగనాడు మాట్లాడుమని నన్ను పిలిచినప్పుడు, వరిపనలను గూర్చియు కళ్ళములను గూర్చియు చెప్పుదునని మీలో కొందరు అనుకొని యుందురు. వరికోత సంగతి నాకంటె మీకే బాగుగా తెలియును. కనుక నేడు కోత లేని యొక పంటను గూర్చి చెప్పెదను. అది కడియము నర్సరీల పంట. అక్కడివారు తమ పంటను కోయరు; వేళ్ళతోను మట్టితోను సహా ఎత్తి, బ్రదికి యుండగానే మరియొకరి చేతిలో పెట్టుదురు. వారి పనిని గూర్చి కొంతయు, వారి ముచ్చట్లను గూర్చి మరి కొంతయు మీకు చెప్పవలెనని నా ఆశ. వేదాంత కళాశాలలో నేను నేర్వనివి కొన్ని ఆ ముచ్చట్లలో నేర్చుకొంటిని.

రాజమహేంద్రవరము నుండి రహదారి వెంట దక్షిణముగా పోవునప్పుడు వేమగిరి, కడియపులంక, బుర్రిలంక మొదలగు గ్రామములలో దారికి ఇరువైపుల మొక్కలే కనబడును. ఒక ప్రక్క గోదావరి, మరియొక ప్రక్క కాలువలు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పర్యవేక్షణలో ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత ఈ ప్రాంతమునకు కాలువ నీరు నిలకడగా దొరికెను. లంకల ఒండ్రుమట్టికి ఆ నీరు తోడైనది. తొలుత పూలతోటలు, పండ్లతోటలు. ఆ తరువాత నర్సరీలు. నేడు దేశము నలుమూలలకు అక్కడినుండి లారీలలో మొక్కలు పోవుచున్నవి.

నేను ఆ ప్రాంతపు పాస్టరేటునకు వచ్చినప్పుడు నాకు ముప్పది యేండ్లు దాటినవి. ఉదయము అయిదు గంటలకే ఊరు మేల్కొనెడిది. పురుషులు గొట్టములు పట్టుకొని నీరు పెట్టుచుండగా, స్త్రీలు షేడ్ నెట్ నీడలో వరుసగా కూర్చుండి కవర్లలో మట్టి నింపుదురు. ఎర్రమట్టి, ఇసుక, చివికిన గెత్తము కలిపి, పిడికెడు పిడికెడుగా వేయుదురు. చేతులు పని చేయుచుండును, నోళ్ళు మాటలాడుచుండును. ఒకనాడు నేనును వారి ప్రక్కను కూర్చుండి ఒక కవరు నింపి, గట్టిగా అదిమితిని. మన సంఘపు అవ్వ యొకతె నవ్వి, "అయ్యగారండీ, అంతలా అదిమేయకండి. వేరుకి ఊపిరాడాలి కదండీ" అనెను. ఆ దినములలో నా ప్రసంగములు గంటకు తక్కువ ఉండెడివి కావు. అవ్వ మట్టిని గూర్చియే చెప్పినదో, మరి దేనిని గూర్చి చెప్పినదో నాకు నేటికిని తెలియదు.

సాయంకాలము లారీలకు సరుకు ఎత్తిన పిమ్మట, రోడ్డుప్రక్క టీ కొట్టు బల్లమీద తోటవారు కూడుదురు. వారి పలకరింపులు వినదగినవి. మనము "బాగున్నారా?" అని అడిగి, జవాబు వినకుండనే ముందుకు నడచిపోదుము. వారట్లు కాదు.

"మీ నూరువరహాలు ఎలా ఉన్నాయండి?"

"చిగురేశాయండి. మీ మావిడంట్లో?"

"నూటికి ముప్పై పోయాయండి. తొందరపడి కోసేశాను. తప్పు నాదే."

ఈ చివరి మాటను గమనింపుడి. నష్టము దాచుకొనలేదు, తప్పు ఒప్పుకొనుటకు సిగ్గుపడలేదు. మామిడి అంటు ఎట్లు కట్టుదురో మీలో చాలమందికి తెలియును. టెంక నుండి మొలిచిన మొక్కను కుండీలోనో కవరులోనో తల్లిచెట్టు కొమ్మ దగ్గరకు చేర్చి, రెంటికిని ఒక ప్రక్క బెరడు చెక్కి, గాయమునకు గాయము ఆనించి కట్టుదురు. రెండు మూడు నెలలకు రెండును ఒకటగును. అప్పుడు గాని తల్లికొమ్మనుండి వేరుచేయరు. గూటీ కట్టుట మరియొక విధము. కొమ్మమీద అంగుళము మేర బెరడు చుట్టును తీసి, తడిపిన నాచు గాని కొబ్బరిపీచు గాని చుట్టి, పైన పాలిథీన్ కాగితము బిగింతురు. వానకాలమైనచో నెల, నెలన్నరలో తెల్లని వేళ్ళు కనబడును. ఇవన్నియు నేడు పుస్తకములలో ఉన్నవి. కాని ఏ మబ్బులో కట్టరాదో, ఏ గాలికి కట్టు ఆరిపోవునో, అది ఆ బల్లమీదనే తెలియును. ఒకడు పోగొట్టుకొన్న ముప్పది అంట్లు పదిమందికి పాఠమగును. దాచుకొనియుండిన యెడల పదిమందియు పోగొట్టుకొందురు.

ఇంకొక ఆచారము కూడ చూచితిని. ఒకరి తోటకు పోయినవారు వట్టిచేతులతో తిరిగి రారు. "ఈ కాయితంపూల కొమ్మ కొత్త రంగండి, గుచ్చి చూడండి" అని చేతిలో పెట్టుదురు. ఇచ్చుట మంచితనము మాత్రమే కాదు, తెలివి కూడ. గాలివానకో వరదకో తన తోట పోయినచో, తానిచ్చిన కొమ్మ ఎదుటివాని తోటలో బ్రదికి యుండును. 1986 ఆగష్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు గోదావరి ఒడ్డున ఏ తోటకును భద్రత లేకపోయెను. ఆ వరదను చూచిన పెద్దలు నాతో, "ఇచ్చిందే మిగిలిందండి, దాచింది పోయింది" అని చెప్పెడివారు.

ప్రియులారా, తోటవారందరు దేవదూతలని నేను చెప్పుట లేదు. ఆ బల్లమీద ఒక చోటు అయిదేండ్లు ఖాళీగా ఉండెను. ఆ సంగతి చెప్పెదను.

ఒకే కంచెకు అటు నిటు ఇద్దరు తోటవారుండిరి. ఒకరు మన సంఘస్థులు, మరియొకరు కారు. ఇద్దరును చిన్ననాటినుండి "బావా" యని పిలుచుకొనెడివారు. 2016లో దూరప్రాంతమునుండి లారీ సరుకునకు వచ్చిన యొక బేరగానిని తన తోటకు రాకుండ రెండవవాడు తిప్పుకొనెనని మొదటివాడు తలచెను. రెండవవాడు కాదనెను. మాట మాట పెరిగెను. మన సంఘస్థుడు ఆ బల్లకు వచ్చుట మానివేసెను. కంచె మధ్యనున్న చిన్న దారిలో ముళ్ళకంప పడెను.

కాపరిని గనుక సమాధానపరచుట నా పని యనుకొంటిని. ఇద్దరిని మూడు మారులు కూర్చుండబెట్టితిని. మూడు మారులును "మీరు అప్పుడేమంటిరి? ఆయన యేమనెను?" అని మొదటినుండి అడిగితిని. మూడవ మారు లేచిపోవునప్పుడు మొదటికంటె ఎక్కువ కోపముతో పోయిరి. అప్పుడు ఆ అవ్వయే నాతో, "రోజూ కట్టు ఇప్పి చూస్తుంటే అంటు అతుక్కుంటదా అండీ?" అనెను. నేను సిగ్గుపడితిని.

2021 మే మాసములో కోవిడ్ రెండవ విడత మన గ్రామములను ఎంతగా బాధించెనో మీకు తెలియును. అంతకుముందటి సంవత్సరము లాక్‌డౌన్‌లో లారీలు కదలక తోటవారు మిక్కిలి నష్టపడి యుండిరి. ఇప్పుడు మన సంఘస్థుడును ఆయన భార్యయు ఇద్దరును మంచము పట్టిరి. కూలివారు భయపడి రాలేదు. మే ఎండలో కవర్లలోని మొక్కకు రెండు దినములు నీరు లేనిచో దాని ఆశ వదలుకొనవలసినదే. ఆ తోటలో వేలకొలది మొక్కలుండెను, వాటిమీద అప్పుండెను.

నేనేమి చేసితిని? ఫోను చేసితిని. ఫోనులోనే ప్రార్థించితిని. మందుల చీటి పంపుమని అడిగితిని. ఆయన తోట సంగతి నాకు తట్టనే లేదు. తట్టినను పోయియుందునో లేదో చెప్పలేను; నాకును భయముగా నుండెను. ఇది మీ యెదుట ఒప్పుకొనవలసిన సంగతి.

పదునేడవ దినమున ఆయన గోడ పట్టుకొని తోటలోనికి వచ్చి చూచెను. మొక్కలు పచ్చగా ఉండెను. కవర్ల మట్టి తడిగా ఉండెను. కంచె దారిలోని ముళ్ళకంప ఒక ప్రక్కకు తీసి పెట్టియుండెను. ఆ దారిలో, గొట్టము ఈడ్చిన చార నేలమీద స్పష్టముగా కనబడెను.

ఆ సాయంత్రము ఇద్దరును కంచెకు అటు నిటు నిలువబడి యుండగా నేను దూరమునుండి చూచి, ఏమి మాటలాడుకొందురో యని దగ్గరకు పోతిని. క్షమాపణ మాటలు వినబడునని నా ఆశ. వినబడినది ఇది:

"మందారాలకి పిండినల్లి పట్టింది బావా. వేపనూన్లో సబ్బునీళ్ళు కలిపి కొట్టాను."

"లీటరుకి ఎంతేశావేంటి?"

"అయిదు మిల్లీ."

"చాల్లే. ఎండలో కొట్టలేదు కదా?"

"ఎండలో ఎందుకు కొడతాను? నేను తోటోణ్ణి కాదా ఏంటి?"

ఇద్దరును నవ్విరి. ఇంతే. బేరగాని పేరు రాలేదు. ఎవరు తప్పో తేలలేదు. మరునాటి సాయంకాలము బల్లమీద ఆ ఖాళీ చోటు నిండెను. నేను మూడు కూడికలలో చేయలేనిది పదునేడు దినముల నీరును, ఒక పిండినల్లియు చేసినవి.

ఇట్టి స్నేహములు కడియమునకు మాత్రమే చెందినవి కావు. ఈ జిల్లాలలోనే ఆరంభమైన మరియొక తోటవాని కథ కలదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1780 దశకములో సామర్లకోటలో నివసించుచు, అక్కడ మిరియము మొదలగు మొక్కలను పెంచి పరీక్షించెను; ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించెను. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళెను. ఆ సంవత్సరమే విలియం కేరీగారు ఇండియాకు వచ్చిరి. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చువేయించిన కేరీగారిని మనమెరుగుదుము. ఆయన సేరంపూరులో గొప్ప తోట వేసినవారనియు, 1820లో వ్యవసాయ ఉద్యాన సంఘమును స్థాపించినవారనియు మనలో కొందరే యెరుగుదురు. ఈ ఇద్దరు తోటవారు స్నేహితులైరి. రాక్స్‌బర్గ్ ఒక మొక్కల జాతికి కేరీగారి పేరుమీదుగా 'కేరియా' అని పేరు పెట్టెను.

రాక్స్‌బర్గ్ జబ్బుపడి స్వదేశమునకు పోయి, 1815లో మరణించెను. భారతదేశపు మొక్కలను గూర్చి ఆయన జీవితమంతయు వ్రాసిన గ్రంథము అచ్చు కాకుండ నిలిచిపోయెను. దానిని సేరంపూరు ముద్రణాలయములో అచ్చునకు తెచ్చినవారు కేరీగారు. మొదటి సంపుటము 1820లో వచ్చెను. మూడు సంపుటములు 1832లో పూర్తిగా వచ్చెను. ఆ నడుమ 1823లో వరద వచ్చి కేరీగారి తోటను పాడుచేసెను. ఆయన మరల నాటించిరి. స్నేహితుని పుస్తకమును విడువలేదు. కంచె అవతలి తోటకు నీరు పెట్టుట అనగా ఇదియే గదా?

ఈ సంగతులనుండి మన సంఘమునకు మూడు మాటలు చెప్పి ముగించెదను.

మొదటిది: అడిగినప్పుడు జవాబు కొరకు నిలువుడి. ఆరాధన ముగిసినంతనే చెప్పులు వెదకుకొని పోవుచున్నాము. మెట్లమీద అయిదు నిమిషములు నిలిచి, "మీ అబ్బాయి పరీక్ష ఏమాయెను? అమ్మగారి మోకాలు ఎట్లున్నది?" అని పేరుపెట్టి అడుగుడి. మొక్కను గూర్చి అడుగువాడు ఏ మొక్కయో చెప్పి అడుగును.

రెండవది: మన నష్టములను చెప్పుకొందము. సాక్ష్యములలో మేలులే చెప్పుచున్నాము. నూటికి ముప్పది పోయినవని చెప్పువాడు లేనిచోట క్రొత్తగా నాటువాడు ఎవరివలన నేర్చుకొనును? మన యౌవనస్థులు మనయొద్దకు రాకపోవుటకు ఇదియు ఒక కారణమేమో.

మూడవది: తెగినదానిని అతుకవలెనన్న, కట్టు మాటిమాటికి విప్పకుడి. చేయదగిన పని యొకటి చూచి, చెప్పకుండ చేయుడి. మీ పొరుగున మాటలు లేని ఇల్లు ఒకటి ఉండవచ్చును. వారి గేటు ముందర ఏది ఎండిపోవుచున్నదో చూడుడి.

పునరుత్థానదినమున ప్రభువును మొదట చూచిన మరియ ఆయనను తోటమాలి యనుకొనెను. కడియమునకు పోవువరకు అది పొరపాటని నేను ప్రసంగించెడివాడను. ఇప్పుడు ఆ మాట అంత సులభముగా అనజాలను.

ఇక మీ సమయము తీసికొనను. వెలుపల వేలముపాటకు గుమ్మడికాయలతోను అరటిగెలలతోను బాటు ఒక మందార మొక్క ఉన్నది. దానిని పంపినవారు మన సంఘస్థులు కారు. పాడవలెనని ఉదయమునుండి మొదటి వరుసలో కూర్చున్నవారు ఎవరో మీరే చూడుడి. ఆయనకు ఎదురు పాడకుడని నా మనవి.