మెట్రో మన హక్కు, కిరాయిదారు జీవనాధారమూ హక్కే

(పాతబస్తీ చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాతబస్తీకి మెట్రో రావాలా, వద్దా అన్న ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: రావాలి. నిజానికి ఎప్పుడో రావలసింది. మొదటి దశ ప్రణాళికలోనే రెండవ కారిడార్‌ను జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు నిర్ణయించారు. 2017 నవంబరు 28న మియాపూర్, నాగోల్ మధ్య తొలి రైలు నడిచింది. 2020 ఫిబ్రవరి 7న రెండవ కారిడార్ ఎంజీబీఎస్ వరకు వచ్చి, అక్కడే ఆగిపోయింది. నగరంలో 69 కిలోమీటర్ల మార్గం పూర్తయినా, మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మాత్రం కాగితం మీదనే ఉండిపోయాయి. ఆ మిగిలిన భాగం మన వీధులదే.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ మార్గానికి శంకుస్థాపన చేశారు. ఆ తరువాత దానిని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించి, ఏడున్నర కిలోమీటర్ల మార్గంగా రెండవ దశలో చేర్చారు. అంచనా వ్యయం 2,741 కోట్ల రూపాయలు. ఇది పూర్తయితే శాలిబండ విద్యార్థిని ఎంజీబీఎస్, అమీర్‌పేటలలో రైలు మారి హైటెక్ సిటీకి చేరగలదు. చదువుకూ ఉద్యోగానికీ దారి తెరిచే ఈ సౌకర్యాన్ని ఎవరో చేసిన దయగా మనం భావించనక్కరలేదు. పన్ను కట్టే పౌరులుగా ఇది మన వాటా.

అయితే ఆ మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, హరిబౌలి, శాలిబండ, శంషేర్‌గంజ్, అలియాబాద్‌ల మీదుగా సాగుతుంది. రోడ్డును 100 అడుగులకు విస్తరిస్తారు. దాదాపు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయని అంచనా వేశారు. చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున ధర నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు. ఆ చెక్కు మీద ఉండేది యజమాని పేరు. ఆ మల్గీలో ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను నడిపే దర్జీ పేరు ఏ జాబితాలో ఉంది? పగిడీ కట్టి, నెలనెలా కిరాయి చెల్లించే అత్తరు వ్యాపారి పేరు ఎక్కడుంది?

2013 నాటి భూసేకరణ చట్టం వీరిని మరువలేదు. సొంత భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ జీవిస్తూ, ప్రధాన జీవనాధారం కోల్పోయే కిరాయిదారులను, చేతివృత్తుల వారిని 'బాధిత కుటుంబం' అన్న నిర్వచనంలో చేర్చింది. నిర్వాసితుడైన చిరువ్యాపారికి కనీసం 25 వేల రూపాయల సాయం అందాలని రెండవ షెడ్యూలు చెబుతోంది. ఈ మొత్తం స్వల్పమే. అయినా, ఒకసారి జాబితాలో పేరు చేరితేనే అంతకు మించి అడిగే అర్హత దక్కుతుంది.

కనుక కిరాయి రసీదులు, విద్యుత్ బిల్లులు, ట్రేడ్ లైసెన్సులు ఈరోజే వెతికి పెట్టుకోండి. తొలి నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వండి. పరిహారం చాలదనుకుంటే 'అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను' అని రాసి తీసుకోండి. అలా రాయకుండా పుచ్చుకుంటే తరువాత పెంపు కోరే హక్కు పోతుంది. చదవకుండా ఏ సమ్మతి పత్రంపైనా సంతకం చేయకండి. యజమానులకు నా విన్నపం: మీ కిరాయిదారు ఉనికిని దాచకండి. అతనికి దక్కే పునరావాస సాయం మీ పరిహారాన్ని తగ్గించదు.

మసీదులకు, దర్గాలకు అనుబంధమైన మల్గీల విషయం మరొకటి. వాటి కిరాయితోనే ఎన్నో చోట్ల ఇమాము, ముఅజ్జిన్ల జీతాలు నడుస్తాయి. వక్ఫ్ ఆస్తిని సేకరించేటప్పుడు బోర్డుకు నోటీసు ఇవ్వాలని వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ముతవల్లీలు ఆ నోటీసు అందిందో లేదో ఇప్పుడే విచారించాలి. మార్గంలోని నూరుకు పైగా ధార్మిక, చారిత్రక కట్టడాలను కాపాడతామని మెట్రో సంస్థ ప్రకటించింది. సంతోషం. ఏ స్తంభం ఎక్కడ వస్తుందో తెలిపే పటాన్ని తెలుగు, ఉర్దూ భాషలలో బస్తీ బస్తీకి ప్రదర్శిస్తే ఆ హామీకి విలువ ఉంటుంది.

ప్రశ్నించేవారిని అభివృద్ధి నిరోధకులని నిందించడం తేలిక. మనం రైలును ఆపమనడం లేదు. గోడ కూల్చే ముందు, ఆ గోడ నీడలో బతికినవారిని లెక్కించమంటున్నాం. తొలి రైలు చార్మినార్ స్టేషన్‌లో ఆగిననాడు, ఈ వీధుల దర్జీ కూడా టికెట్టు కొని అందులో తన కొత్త దుకాణానికి వెళ్లగలగాలి. ఆ రోజు కోసం ఈరోజే దరఖాస్తు రాద్దాం.