మీటరు ఎవరితో మాట్లాడాలి?

(రసాయనాల ఫ్యాక్టరీ విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు మన పల్లెలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లె పక్కనున్న ఫ్యాక్టరీని పెంచుతారట. అంతా ఆటోమేటిక్ అంట. మీటర్లు, వాల్వులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయంట. ‘లోకల్ క్లౌడ్’ పెడతారంట. కాగితాల్లో అలా రాశారు. మొన్న ఒక తమ్ముడు నన్నడిగాడు, ‘మాస్టారూ, క్లౌడ్ అంటే మేఘం గదా, ఫ్యాక్టరీలో మేఘమేంటి?’ అని. నవ్వకండి. అడగాల్సిన ప్రశ్నే అది. అర్థంకాని మాటలు చెప్పే ఇన్నాళ్లూ మన చేత వేలిముద్రలు వేయించుకున్నారు.

ముందు మా నాయన సంగతి చెబుతాను. ఆయన ఒక చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. బాయిలర్‌లోకి చెరకు పిప్పి తోసేవాడు. ఓనమాలు రావు. కానీ గోడ మీద మీటరు ముల్లు ఎక్కడుంటే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. ఒక రాత్రి ముల్లు ఎర్రగీత దాటిందని పరుగెత్తుకెళ్లి చెబితే, ‘పిప్పి తోసేవాడివి, మీటరు సంగతి నీకెందుకురా’ అన్నాడు పైవాడు. కాసేపటికి ఆవిరి పైపు జాయింటు ఊడింది. మా నాయన ఎడమ చెయ్యి మోచేతిదాకా ఉడికిపోయింది. మీటరు చెప్పింది. మా నాయనా చెప్పాడు. వినాల్సినవాడు వినలేదు.

ఇప్పుడు యంత్రాల సంగతికొద్దాం. పూర్వం మీటరు చూసి రిజిస్టర్లో రాయడానికి మనిషి ఉండేవాడు. 1969 ప్రాంతంలో అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లోకి పీఎల్‌సీ అనే కంప్యూటర్ పెట్టె వచ్చింది. తీగలన్నీ దాంట్లోకే. వేడెక్కితే వాల్వు ముయ్యడం, మట్టం తగ్గితే మోటారు వెయ్యడం అది చూసుకునేది. ఈరోజుల్లో మీటరులోనే చిన్న కంప్యూటర్ ఉంటోంది. వాల్వులోనూ, మోటారులోనూ ఉంటోంది. మన సెల్‌ఫోన్‌కు నంబరున్నట్టు వాటికీ చిరునామా ఉంటుంది.

క్లౌడ్ అంటే మేఘం కాదు. ఎక్కడో పెద్ద పెద్ద హాళ్లలో పెట్టిన వేలాది కంప్యూటర్లు. మన ఫోన్లో ఫొటోలు పోయి దాక్కునేది అక్కడే. కానీ ట్యాంకు వేడెక్కుతుంటే ఆ కబురు ముంబయిదాకా పోయి తిరిగొచ్చేవరకూ ఆగుతామా? మధ్యలో నెట్ పోతే? అందుకని ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే కొన్ని కంప్యూటర్లు పెట్టుకొని ఆ కబుర్లన్నీ అక్కడే తేల్చుకుంటారు. అదే లోకల్ క్లౌడ్. బయట నెట్ తెగినా లోపల పని ఆగదు. లోపలి లెక్కలు బయటికి పొక్కవు. ఈ రెండోది యజమానికి సుగుణమే. మనకా కాదా అన్నది చూద్దాం.

2013లో యూరప్‌లో యారోహెడ్ అని ఒక పెద్ద ప్రాజెక్టు మొదలైంది. స్వీడన్‌లోని లూలియో సాంకేతిక విశ్వవిద్యాలయం దానికి ముందు నడిచింది. వాళ్ల పద్ధతిలో ప్రతి లోకల్ క్లౌడ్‌లోనూ మూడు పనులు ఉండి తీరాలి. ఒకటి నమోదు. మీటరు తగిలించగానే ‘నేను ఫలానా ట్యాంకు వేడి చెప్పగలను’ అని పేరు రాయించుకోవాలి. రెండోది అనుమతి. ఆ వేడి సంగతి ఎవరు అడగొచ్చు, ఎవరు అడగకూడదు అనేది ముందే రాసుంటుంది. మూడోది, అడిగేవాణ్ణీ చెప్పేవాణ్ణీ జతకలపడం.

ఆ రెండోదాని గురించి చదివినప్పుడు నాకు మన ఊరే గుర్తొచ్చింది. ఎవడు ఎవడితో మాట్లాడాలో, ఎవడి బావిలో ఎవడు చేద వెయ్యాలో మనకూ ఒక పట్టీ ఉంది. దాన్ని వేల ఏళ్లైనా కొట్టెయ్యలేకపోతున్నాం. ఫ్యాక్టరీ పట్టీ అలాంటిది కాదు, అరగంటలో దిద్దొచ్చు. మరి దిద్దేవాడి కుర్చీలో ఎవడున్నాడు?

విశాఖ సంగతి మీకు తెలుసు. 2020 మే 7న, తెల్లారకముందే, ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడింది. 12 మంది చనిపోయారు. జనం నిద్రలోంచి లేచి పరుగెత్తుతూ రోడ్డు మీదే కూలిపోయారు. జూలైలో ప్రభుత్వ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ ట్యాంకు వేడి కొలిచే మీటరు అడుగునే ఉంది. మధ్యలో, పైన లేదు. పైన ఉడుకుతుంటే అడుగు మీటరు చల్లగానే ఉందంది. అది అబద్ధం చెప్పలేదు, దాన్ని పెట్టిన చోటు అలాంటిది. సాయంత్రమైతే చల్లబరిచే యంత్రం ఆపేసేవాళ్లు. అన్నిటికన్నా కడుపు మండే సంగతి సైరనుది. గేటు దగ్గరతో కలిపి 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటుంది. ఒక్కటీ మోగలేదు.

భోపాల్లో 1984లోనూ చల్లబరిచే యంత్రం ఆపేసే ఉంది. రెంటికీ మధ్య 36 ఏళ్లు!

ఈ కొత్త యంత్రాలు ఆ ట్యాంకుకు సరిగ్గా ఉంటే ఏమయ్యేది? మూడు ఎత్తుల్లో మూడు మీటర్లు. పైన వేడి పెరుగుతుంటే, చల్లబరిచే యంత్రాన్ని ఆపబోయినా ‘కుదరదు’ అనే నియమం. గీత దాటగానే మనిషి వేలు కోసం చూడకుండా సైరన్. ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. అలాంటప్పుడు ఆ సైరన్ ఎవరి ఇంటి వైపు మోగాలి? లోపలి లెక్కలు బయటికి పొక్కవని గొప్పగా చెబుతున్నారే, మన చావు కబురు కూడా లోపలి లెక్కేనా? యారోహెడ్ పద్ధతిలోనే గేట్‌కీపర్ అనే ఏర్పాటుంది. ఒక లోకల్ క్లౌడ్ నుంచి ఇంకో లోకల్ క్లౌడ్‌కు, అనుమతి ఉన్న మాట వరకే, దాటిస్తుంది. మన పంచాయతీ ఆఫీసులో, పల్లె బడి మీద సైరన్ పెట్టి, ‘ప్రమాదం’ అనే ఒక్క మాట దాటనివ్వడానికి ఏ వ్యాపార రహస్యం అడ్డొస్తుందో చెప్పమనండి.

ఈ యంత్రాలను గుడ్డిగా నమ్మమని నేననను. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లో నతాంజ్ అణు కేంద్రం యంత్రాలను పాడుచేస్తూనే, అంతా బాగుందని తెర మీద చూపించింది. ప్రహరీ ఉన్నంత మాత్రాన దొంగ రాడని లేదు. తెర చూసేవాడితోపాటు ట్యాంకు దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూసే మనిషి ఉండాల్సిందే.

‘మాస్టారూ, గంటకోసారి మీటరు చూసి రాసే మనోళ్ల ఉద్యోగం పోతుంది గదా’ అని వెనక నుంచి ఒక అక్క అంటోంది. పోతుందమ్మా, దాచను. కాంట్రాక్టు పిల్లలే ముందు పోతారు. బాబాసాహెబ్ 1945 నాటి పుస్తకంలో ఈ సంగతే వాదించారు: కీడు యంత్రంలో లేదు, దాని లాభం కొందరి చేతిలోనే ఉండే ఏర్పాటులో ఉంది, యంత్రం లేకపోతే శ్రమజీవికి తీరికా చదువూ రావు అని. యంత్రాన్ని తన్ని తగలేస్తే మళ్లీ ఎడ్లు, కావడి, పారే గదా మనకు మిగిలేది. అవి ఎవరి భుజాన పడతాయో నేను చెప్పక్కర్లేదు.

అయితే మంచి యంత్రం వచ్చినచోట మనల్ని రానివ్వడమూ కొత్త గొడవ కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ జీతమొచ్చే నేత విభాగంలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటితో పట్టాలట, ఎంగిలి అంటుతుందట! 1928 సమ్మెలో అంబేద్కర్ యూనియన్ నాయకులను నిలదీసింది దీనిమీదే. ఇప్పుడు కంట్రోల్ రూములో ఎంగిలి గొడవ లేదు, ఇంగ్లీషు ఉంది, సర్టిఫికెట్ ఉంది. అందుకే ఐటీఐలో ఫిట్టరు ఒక్కటే చాలనుకోకండి. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రానిక్స్ మీద పిల్లలతో దరఖాస్తు పెట్టించండి. ఫారాలు నేను నింపుతాను, సాయంత్రం ఆరు తర్వాత ఇంటి దగ్గరే ఉంటాను.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ రోజు. కలెక్టరు గారి ముందు మైకు ఇచ్చినప్పుడు ‘ఫ్యాక్టరీ వద్దు’ అనో ‘ఉద్యోగాలివ్వండి’ అనో అరిచి దిగొద్దు. ఇవి అడుగుదాం: ప్రతి ట్యాంకుకు ఎన్ని ఎత్తుల్లో మీటర్లు పెడతారు? చల్లబరిచే యంత్రాన్ని ఆపే అధికారం ఎవరికిచ్చారు? సైరన్ తనంతట తను మోగుతుందా, మనిషి నొక్కాలా? పల్లె వైపు సైరన్ ఎక్కడ? అనుమతుల పట్టీలో మన పంచాయతీ పేరుందా? మీటరు రాసే పిల్లలకు ఏ శిక్షణ, ఎప్పుడు? జవాబులు మినిట్స్‌లో రాయించి, నకలు తీసుకుందాం. తెలుగులో.