ఓషధి – పరీక్ష



ఋగ్వేదం పదవ మండలంలో 97వ సూక్తానికి ఓషధీసూక్తమని ప్రసిద్ధి. దాని ద్రష్ట ఆథర్వణుడైన భిషక్కు. అనగా పేరులోనే వైద్యుడు. మూలికలను అంతగా గౌరవించిన సంప్రదాయం మనది. కనుకనే మన కృష్ణపట్నంలో 2021 మే నెలలో జరిగిన దానిని గూర్చి మనమే నిదానంగా విచారింపవలసి ఉన్నది.

అది కరోనా రెండవ ఉద్ధృతి నాటి మాట. ఆనందయ్యగారు మూలికల మందును ఉచితంగా ఇచ్చుచుండగా, మే 21న వేలాది జనం వచ్చి పడినారు. పంపిణీ ఆగినది. పరిశీలన జరిగినది. మే 31న నోటితో పుచ్చుకొను మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. కంటిచుక్కలకు నాడు ఇవ్వలేదు. డాక్టర్లు వ్రాసిన మందులు మానవద్దనీ చెప్పినది. ఉచితంగా ఇచ్చిన ఆ మనస్సును నేను ఆక్షేపింపను. కానీ ఊపిరాడని స్థితిలో అంబులెన్సులలో వచ్చి ఆ వరుసలో నిలిచిన వారిని తలచుకొన్నపుడు మనస్సు కలగును.

మూలికలకు సూక్ష్మజీవులను చంపు శక్తి లేదా అని అడుగుదురు. ఉన్నది. పరిశోధనశాలలో గాజుపళ్ళెంలో సూక్ష్మజీవులను పెంచి, వేపరసమో లవంగతైలమో తడిపిన కాగితపు బిళ్ళను అందుంచుదురు. బిళ్ళ చుట్టూ జీవి పెరగని వలయం ఏర్పడును. ఆ వలయం సత్యమే. అయితే పళ్ళెంలో రసం జీవిని నేరుగా తాకును. శరీరంలో అది జఠరాగ్నిని, పేగులను, కాలేయాన్ని దాటి పోవలెను. పసుపులోని కుర్కుమిన్ నీట కరగదు. మ్రింగిన దానిలో రక్తానికి చేరునది అత్యల్పం. పైగా ఆ పళ్ళెంలో పెరుగునవి బాక్టీరియా, బూజు జాతులు. కరోనా వైరస్ జీవకణంలో తప్ప పెరుగదు. వలయం చూచి దానిని గూర్చి ఏమియు చెప్పజాలము.

రసం తీయు విధానమూ ముఖ్యమే. చైనాలో తూ యూయూ అను విదుషి మలేరియాకు ఒక మూలికను మరిగించి చూడగా ఫలితం నిలకడగా రాలేదు. నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథంలో నానబెట్టి పిండవలెనని ఉండుట గమనించి, వేడి తగ్గించి ఈథర్‌తో సారం తీసినారు. 1972లో తొలుత తామే సేవించి, తరువాతనే రోగులకు ఇచ్చినారు. 2015లో నోబెల్ బహుమానం వచ్చినది. ప్రాచీనగ్రంథం దారి చూపినది, పరీక్ష నిర్ణయించినది.

మన చరకుడును ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని పరీక్షను నాలుగు విధాలుగా చెప్పినాడు. ఆప్తవాక్యం అందులో ఒకటి మాత్రమే. పాఠశాలలో మాకు మాత్ర అనగా ఉచ్చారణకాలం. వైద్యునికి మాత్ర అనగా మోతాదు. ఎక్కడైనను మాత్ర తప్పిన అర్థం మారును.

కంటిచుక్కల సంగతి వేరుగా చెప్పవలెను. వానిలో తేనె, ముళ్ళవంకాయ, తోకమిరియాలు ఉన్నవని పత్రికలు వ్రాసినవి. తేనెలో బాక్టీరియా సులభంగా పెరుగదు, నిజమే. కానీ కొన్నిటి బీజాలు అందు నిద్రాణంగా ఉండగలవు. అందుచేతనే ఏడాది నిండని శిశువు నాలుకకు తేనె నాకించరాదు. మన ఇండ్లలో ఈ ఆచారం ఇంకను ఉన్నది, మానవలెను. కంటికి వేయునది నిర్జీవీకరించినదై ఉండవలెను. ఇంటిలో కలిపినదానికి ఆ భరోసా లేదు.

రథసప్తమికి జిల్లేడు ఆకులు కోయువారికి ఒక మాట. ఆ పాలు కంట పడిన, నొప్పి అంతగా లేకయే చూపు మసకబారవచ్చును. వెంటనే శుభ్రమైన నీటితో చాలాసేపు కడిగి నేత్రవైద్యుని వద్దకు వెళ్ళవలెను.