తలుపు దగ్గర ఆగిన మాట

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులకు, ఇంతదాకా నడిపించుకొచ్చిన వాళ్ల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ శుభవేళ నేను శీఘ్రస్కలనం గురించి మాట్లాడతాను. సభలో పెద్దలున్నారని తెలుసు. పెద్దలెవరూ ఈ ఊసెత్తకపోబట్టే మన కుర్రాళ్లు గోడ మీద పోస్టర్ని నమ్ముకుంటున్నారు.

నిమ్స్ ఆసుపత్రి ఉన్న ఈ పంజాగుట్టలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే అమీర్‌పేట. అక్కడ మైత్రీవనం భవనం చుట్టూ హాస్టళ్ల నిండా సాఫ్ట్‌వేర్ కోర్సులకని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలే. అలాంటి అబ్బాయి ఒకడు నడుంనొప్పని నా ఓపీకి వచ్చాడు. మందుల చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు. "సార్, ఇంకో మాట..." నరాల బలహీనత అని ఎవరో చెప్పారట. పెళ్లి చేసుకోనని ఇంట్లో చెప్పేశాడట. ఇంతవరకు ఏ అమ్మాయితోనూ కలిసింది లేదు. ఏకాంతంలో తన ఒంటిని చూసుకుని తనే తీర్పు చెప్పేసుకున్నాడు. అతనికున్నది జబ్బు కాదు, భయం.

మరి జబ్బంటే ఏది? 1970లో పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్‌లు స్త్రీ తృప్తిని కొలబద్దగా పెట్టారు. సగం సార్లయినా ఆమెకు తృప్తి కలిగేదాకా ఆగలేకపోతే రోగమే అన్నారు. ఆమె శరీరం నెమ్మదిదైతే ఇతను రోగి అయిపోవాలా? అది నాకు అన్యాయమనిపిస్తుంది. 2005లో వెలువడిన ఐదు దేశాల అధ్యయనంలో దంపతుల చేతికే స్టాప్‌వాచ్ ఇచ్చారు. కలయిక మొదలు స్కలనం దాకా మధ్యస్థ సమయం 5.4 నిమిషాలని తేలింది. అరగంట, గంట అని ఊహించుకుని కుమిలిపోయేవాళ్లకు ఈ ఒక్క అంకె చెప్పండి, సగం బరువు దిగుతుంది.

అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం 2014 నిర్వచనం గుర్తుంచుకోండి. మొదటి కలయిక నుంచీ దాదాపు ప్రతిసారీ నిమిషంలోపే అయిపోవడం, లేదా బాగానే ఉన్నవాడికి మధ్యలో ఆ వ్యవధి సుమారు 3 నిమిషాలకో, అంతకన్నా తక్కువకో పడిపోవడం. దానితోపాటు ఆపుకోలేకపోవడం, దానివల్ల మనసు నలిగిపోవడం. ఇవన్నీ కలిస్తేనే జబ్బు. ఎప్పుడో ఒకసారి తొందరగా అయిపోతే కాదు.

నిజంగా ఉన్నవాళ్లకు దారి ఉంది. మధ్యలో వచ్చిందంటే థైరాయిడ్, ప్రోస్టేట్ వాపు, అంగస్తంభన లోపం చూడండి. ఆగి మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని 1956లోనే సీమన్స్ అనే వైద్యుడు రాశారు. పూతమందులున్నాయి, డాపాక్సెటిన్ మాత్ర ఉంది. వీలైతే భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడండి. ఇన్నాళ్లూ ఆయన మొహం తిప్పుకుని పడుకుంటే తప్పు తనదే అనుకుని ఉంటుంది.

లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనల్ని 1954 చట్టం నిషేధించింది. పోస్టర్లు మాత్రం ఇంకా పడుతూనే ఉన్నాయి. వాటిని చింపే పని మీకు చెప్పను, ఒక్కటే అడుగుతాను. చీటీ రాయగానే గంట కొట్టి తర్వాతి పేషెంట్‌ని పిలవకండి. తలుపు దగ్గర ఎవరైనా ఆగితే, లేచి వెళ్లి ఆ తలుపు వేసి, మళ్లీ కూర్చోమనండి.