మూడవ పార్టీకి యజమాని కాదు, ముతవల్లీ కావాలి
(తిరుపతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు పెద్ద పార్టీలకు నడుమ నిలిచే మూడవ పార్టీని గురించి మాట్లాడుకొనేందుకు తిరుపతి తగిన ఊరు. 1983లో నందమూరి తారక రామారావు గారు గుడివాడతో పాటు ఇక్కడి నుండి కూడా గెలిచారు. 2008 ఆగస్టు 26న చిరంజీవి గారు ప్రజారాజ్యం పార్టీని ఈ ఊరిలోనే ప్రకటించారు. 2009లో పాలకొల్లులో ఓడిన ఆయనను తిరుపతి గెలిపించింది. 2024లో జనసేన అభ్యర్థిని కూడా ఇదే నియోజకవర్గం శాసనసభకు పంపింది. కొత్త పార్టీకి తలుపు తీయడం మన ఊరికి కొత్త కాదు. లోపలికి వచ్చిన పార్టీ ఎవరి మాట మీద నడిచిందన్నదే మన ప్రశ్న.

ప్రజారాజ్యం సామాజిక న్యాయం అన్నది. 2009లో నూటికి సుమారు 16 ఓట్లు, 294 స్థానాలలో 18 సంపాదించింది. రెండేళ్లయినా నిండకముందే, 2011 ఫిబ్రవరిలో, కాంగ్రెస్‌లో విలీనమవుతున్నట్లు ప్రకటన వెలువడింది. 2012లో నాయకుడు రాజ్యసభకు వెళ్లి, కేంద్ర మంత్రి అయ్యారు. ఓటు వేసిన వారిని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం చట్టంలోనూ లేదు. రాజ్యాంగం పదవ షెడ్యూలు ప్రకారం శాసనసభ్యులలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే చాలు, వారి సభ్యత్వానికి ఢోకా ఉండదు. పద్దెనిమిదిలో పన్నెండు మంది అన్నమాట. జెండా మోసిన కార్యకర్త ఆ లెక్కలో లేడు.

జనసేన దారి కూడా చూడండి. 2014 మార్చిలో పుట్టింది. ఆ ఎన్నికలలో తాను పోటీ చేయక తెలుగుదేశం, బీజేపీలకు మద్దతిచ్చింది. 2019లో వామపక్షాలతో, బీఎస్పీతో కలిసి ఒక్క స్థానం గెలిచింది. 2020లో మళ్లీ బీజేపీతో చేతులు కలిపింది. 2024లో పోటీ చేసిన 21 శాసనసభ స్థానాలనూ గెలిచింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు మద్దతు ప్రకటించింది. ఆ గెలుపును మేము తక్కువ చేయడం లేదు. వామపక్షాల నుండి బీజేపీ వరకు సాగిన ఈ ప్రయాణంలో దిశను ఎన్నుకొన్నది నాయకత్వం. మస్జిద్, దర్గా, ఖబరస్తాన్ భూముల మీద ఆధారపడిన మన జమాతుల అభిప్రాయానికి అందులో చోటెక్కడ ఉన్నది?

మధ్యేవాదం అంటే రెండు పార్టీలకు సమాన దూరంలో నిలబడడం కాదు. అలా నిలబడితే, ఆ రెండూ జరిగినప్పుడల్లా మధ్య కూడా జరుగుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షను ప్రకారం, నమోదు కోరే ప్రతి పార్టీ రాజ్యాంగానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతామని తన నియమావళిలో రాసి ఇవ్వాలి. కదలని మధ్య అదే.

వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ కాపలాదారే గాని యజమాని కాడు. ఓటు కూడా అమానతే. కనుక రేపు ఏ మూడవ పార్టీ మన మొహల్లాకు వచ్చినా మూడు సంగతులు అడుగుదాం.

ఒకటి: మండల స్థాయి నుండి అధ్యక్షుని వరకు సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకొంటారా?

రెండు: పొత్తుకు, విలీనానికి ముందు సభ్యుల ఓటు తీసుకొంటామని నియమావళిలో రాస్తారా?

మూడు: వక్ఫ్ మీద, 2010 నుండి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో సాగుతున్న నాలుగు శాతం రిజర్వేషన్ మీద వైఖరిని ఎన్నికలకు ముందే లిఖితంగా ఇస్తారా?

ప్రభుత్వ కార్యాలయాలలో జీవితం గడిపిన మాకు ఒక్క సంగతి తెలుసు: నోటిమాట ఫైలులో నిలవదు. ఇఫ్తార్ విందులో టోపీ పెట్టుకొని ఇచ్చిన హామీ కన్నా, సంతకం చేసిన ఒక్క కాగితం మేలు. అడగడంతో మన పని తీరదు. మన యువకులు, మన అక్కచెల్లెళ్లు సభ్యత్వం తీసుకొని, కమిటీలలో కూర్చుని, నిర్ణయం జరిగే గదిలో ఉండాలి. మైనారిటీ విభాగం అనే పక్క గదితో సరిపెట్టుకోరాదు.